తెల్సిన పదమే గదా అని దాటి పోకుండ్రి

మొన్న హన్మకొండ నుంచి మా చిన్నమ్మ కొడుకు ఫోన్ చేశిండు, అక్టోబర్ల మాస్టర్స్ చెయ్యనీకె జర్మనీ వస్తున్నడు, వాడు అడిగిన సంగతే ఈడికి కొత్తగ వచ్చే మనోళ్లు మస్తు మంది అడుగుతరు కాబట్టి అందరికి కలిపి రాస్తున్న. "అన్నా, జర్మన్ రాకున్నా ఎట్లనో గట్ల నడుస్తది గదా, అక్షరాలు ఇంగ్లీషువే, బోర్డులు చూస్తే సగం సమజైతది" అన్నడు. నిజమే తమ్మీ, సగం సమజైతది. ఆ సమజైన సగం కాడనే జర పైలం. తెల్వని పదం వస్తే ఫోన్ల చూస్తవు, పక్కోన్ని అడుగుతవు. తెల్సినట్టు కనవడే పదం కాడ అస్సలు ఆగవు.

మేము వచ్చిన మొదటి చలికాలం. బిడ్డకు రెండేండ్లు, రాత్రి పది దాటినంక ఒళ్లు కాలిపోతున్నది, ఇండియా నుంచి తెచ్చుకున్న జ్వరం సిరప్ సీసా అడుగు వట్టింది. ఎర్రగ పెద్ద ఏ అక్షరం, దాని మీద గిన్నె, పాము బొమ్మ ఉంటే మందుల దుకాణం, అపొటేకె అంటరు, గంతవరకు తెల్సు. రెండు గల్లీల అవతల ఉన్నదానికి ఉరికిన. తలుపు మూసి ఉన్నది, లోపల ఒక్కటే లైటు, అద్దం మీద కాయితం, దాని మీద ఎన్, ఓ, టి తోని మొదలయ్యే పదం. నాట్ అని చదువుకున్న. ఆ ఎనక ఉన్న డీన్స్ట్ అంటే సర్వీస్ అని అప్పటికే తెల్సు, ఇగ సర్వీస్ లేదు గావచ్చు అనుకొని ఇంటికి మళ్లిన. తెల్లారేదాక నేను, నా భార్య తడిగుడ్డ మారుస్తనే కూసున్నం.

పొద్దున పక్కింటి పెద్దామె చెప్పింది, నోట్‌డీన్స్ట్ అని ఉన్నదంటే ఆ రాత్రి డ్యూటీ ఆ దుకాణందే అని. తలుపు మూసే ఉంటదంట, పక్కన బెల్లు ఉంటది, కొడితే లోపలున్నోళ్లు వచ్చి చిన్న కిటికీల నుంచి మందు ఇస్తరు, రాత్రిపూట వచ్చినందుకు 2.50 యూరోలు ఎక్కువ తీస్కుంటరు, గంతే. ఆ బెల్లు నా భుజం పక్కనే ఉండె.

జర్మన్ల నోట్ అంటే ఆపద, అర్జెంటు. ఇంగ్లీషుల నీడ్ అనే మాటకు అది సుట్టం. ఇంగ్లీషు నాట్ దారి వేరే, ఏమీ లేదు అనే పాత మాట అరిగి అరిగి గట్లయింది. రెండు వేరే ఇండ్ల పిల్లలే కని మొఖాలు ఒక్క తీరు. అందుకే నోట్‌ఔస్‌గాంగ్ అని పచ్చ బోర్డు కనవడితె ఇటు దారి లేదు అనుకోకుండ్రి, మంటలు గిట్ల అంటుకుంటే ఉరకాల్సిన దారి అదే. నోట్‌ఔఫ్‌నామె అంటే దవాఖానల ఎమర్జెన్సీ. ప్రాణం మీదికొస్తే 112, క్లినిక్కులు బందైనంక డాక్టర్ కావాలంటే 116117, ఈ రెండు నంబర్లు విమానం దిగంగనే ఫోన్ల ఎక్కించుకోండ్రి.

గిఫ్ట్ సంగతి ఇంకో తీరు. జర్మన్ల గిఫ్ట్ అంటే విషం, కానీ ఇంగ్లీషు గిఫ్ట్‌కు ఇది పరాయి కాదు, రెండు ఇచ్చుడు అనే ఒక్క మూలంకెళ్లే వచ్చినయి. మందు డోసు అంటం గదా, ఆ డోసు కూడ గ్రీకుల ఇచ్చుడే, గట్ల మందు ఇచ్చుడు నుంచి విషం ఇచ్చుడు దాక జరిగింది మాట. పాత అర్థం మిట్‌గిఫ్ట్ అనే పదంల ఇంకా మిగిలి ఉన్నది, దానర్థం కట్నం.

మనకిదేం కొత్త కాదు. మా బాపు కాజీపేట లోకో షెడ్ల చేసేటోడు. లీవు కాయితం మీద హిందీల ఆకస్మిక్ అవకాశ్ అని ఉండేది, క్యాజువల్ లీవు అన్నట్టు. నేను ఎనిమిదో తరగతిల అది చూసి "బాపూ, ఆకస్మికంగ అవకాశం వచ్చిందా, ప్రమోషనా" అని సంబురంగ అడిగిన. ఆయన ఆ ప్రమోషన్ కోసం ఏండ్ల సంది చూస్తుండె, కాయితం మడిచి జేబుల వెట్టుకున్నడు గని ఏమనలే. సంస్కృతంల అవకాశం అంటే ఖాళీ జాగ, హిందీల అది ఖాళీ టైమై సెలవైంది, మన కాడ ఛాన్స్ అయింది. శిక్ష కూడ గంతే, హిందీల దానర్థం చదువు, బడి గోడ మీద సర్వ శిక్షా అభియాన్ అని చదివి ఎంతమంది పొల్లగాండ్లు బెదిరిన్రో. గాలి వేరే లెక్క, మన గాలి ద్రావిడ మాట, హిందీల గాలీ అంటే తిట్టు, రెండిటికి సంబంధమే లేదు.

నా లెక్కల ముప్పు ఎక్కడుంటదంటే, తప్పు అర్థం కూడ ఆ జాగల కుదిరినప్పుడు. జర్మన్ల బాల్ట్ అంటే తొందర్ల, రాసేది మాత్రం ఇంగ్లీషుల బట్టతల అనే బాల్డ్ లెక్కనే, మీ పార్సిల్ బట్టతల వస్తది అని ఎవ్వరు అనుకోరు కాబట్టి దానితోని నష్టం లేదు. మూసిన తలుపు మీద సర్వీస్ లేదు అనేది కుదిరింది, అందుకే నేను ఆగలే. ఇల్లు ఎతికేటప్పుడు వార్మ్ 700 అని ఉంటే మనోళ్లు హీటర్ మంచిగుంటది గావచ్చు అనుకుంటరు, అది కూడ కుదురుతది మరి. వార్మ్ అంటే హీటింగు, నీళ్లు, మెయింటెనెన్సు కలిపిన కిరాయి, కాల్ట్ అంటే ఉత్త కిరాయి, కరెంటు శాన సార్లు వేరే కట్టాలె. డిపాజిట్ మూడు నెలల కాల్ట్ కిరాయి కంటే ఎక్కువ అడగొద్దని చట్టమే ఉన్నది. ప్రొవిజన్ అని ఇంగ్లీషుల చదువుకునే పదం ఇక్కడ బ్రోకర్ కమీషన్, 2015 నుంచి ఆ బ్రోకర్‌ను ఎవరు పెట్టుకుంటే వాళ్లే కట్టాలె, ఓనర్ పెట్టుకున్న బ్రోకర్‌కు మీరు పైసలియ్యకుండ్రి. ఇంట్ల దిగిన రెండు వారాలల్ల అడ్రస్ రాయించుకోవాలె, దానికి కొన్ని ఊర్లల్ల రాట్‌హౌస్‌కు, అంటే మున్సిపల్ ఆఫీసుకు తోలుతరు, ఎలుకల ఇల్లు కాదది, రాట్ అంటే సలహా, పెద్దమనుషుల సభ. హ్యాండీ అంటే సెల్‌ఫోను, షెఫ్ అంటే వంటాయన కాదు మీ బాసు.

పిల్లలున్నోళ్లు ఇంకోటి చూసుకోవాలె. మన మాటలే వాళ్ల చెవిల వేరే పడుతయి. నేను బిడ్డను పార్కుల "పాపా, ఇటు రా" అని పిలిస్తే అందరు నన్నే చూసేటోళ్లు, పాపా అంటే వాళ్లకు నాయిన. కీటాల, అంటే పిల్లల బడిల, మా బిడ్డ ఇయ్యాల మామ వస్తడు అని చెప్పింది, వాళ్లకు మామా అంటే అమ్మ, తీరా వచ్చింది మా బామ్మర్ది. తోల్కపోయేటోళ్ల లిస్టుల పేరు లేకుంటే పిల్లను ఇయ్యరు, అది మంచిదే, కానీ నా భార్య ఆఫీసు నుంచి వచ్చేదాక ఆయన గేటు బయట చలిల నిలవడ్డడు, బిడ్డ అద్దంలకెళ్లి ఆయనను చూసుకుంట ఏడ్చింది. మా తమ్ముడు వచ్చిన వారమైతే ఇంకా అన్యాలం, అది కాకా కాకా అని కలవరిచ్చినప్పుడల్లా టీచరమ్మ బాత్రూంకు తీస్కపోయేది, కాకా అంటే వాళ్ల చిన్నపిల్లల భాషల దొడ్డికి.

ఆ శుక్రారం కూసుండి ఒక కాయితం మీద రాసిచ్చిన, పాప అంటే ఈ పిల్లనే, మామ అంటే అమ్మ తమ్ముడు, కాకా అంటే నాయిన తమ్ముడు, బువ్వ అంటే అన్నం, అని జర్మన్ల పక్కపక్కన. టీచరమ్మ దాన్ని మా బిడ్డ కోట్లు పెట్టుకునే అర తలుపుకు లోపలి దిక్కు అతికిచ్చింది, నా బామ్మర్ది పేరు, తమ్ముని పేరు లిస్టుల ఎక్కిచ్చింది.