మూడు మీటలు నొక్కితే శ్రుతి ఎందుకు ఎగురుతోంది?

ప్రశ్న: మా అబ్బాయి ఇక్కడ హైస్కూల్ బ్యాండ్‌లో ట్యూబా (పెద్ద ఇత్తడి బాకా) వాయిస్తాడు. ఇంట్లో సాధనకని ఆన్‌లైన్‌లో చవగ్గా నాలుగు రోటరీ వాల్వ్‌ల బి ఫ్లాట్ ట్యూబా కొన్నాం. కింది బి నేచురల్ శ్రుతి ఎక్కువ పలుకుతోంది, మధ్య డి శ్రుతి తగ్గుతోంది, మీటలు టకటకమంటున్నాయి. వెనక్కి పంపేయమంటారా?
- ఒక తల్లి, డల్లాస్

జవాబు: తొందరపడకండమ్మా. 26 ఏళ్లు పోలీసు బ్యాండ్‌లో ట్యూబా మోసిన భుజం నాది. నాకిచ్చినదీ మీదానికంటే గొప్పదేం కాదు.

బి నేచురల్‌కి బాబు 1, 2, 3 మీటలు కలిపి నొక్కుతున్నట్టున్నాడు. మీట నొక్కితే వాల్వ్ తిరిగి, గాలిని ఒక అదనపు గొట్టంలోకి మళ్లిస్తుంది. ఒక్కో వాల్వ్‌కి తగిలించిన ఆ అదనపు గొట్టాన్ని, ఏ మీటా నొక్కనప్పటి 18 అడుగుల పొడవుకి లెక్కగట్టి పెడతారు. ఒక మీట నొక్కగానే ఆ పొడవు పెరిగిపోతుంది. ఐదున్నర గజాల చీరకి కొన్న అంచు ఆరు గజాల చీరకి చాలుతుందా? ఇదీ అంతే. ఒక్కోటీ విడిగా శ్రుతిలో ఉన్నా, మూడూ కలిస్తే 50 సెంట్ల పైచిలుకు, అంటే అరస్వరంలో సగం, పైకి పోతుంది. లక్షలు పోసి కొన్నా ఈ లెక్క మారదు. నాలుగో మీట ఉన్నది అందుకే. 2, 4 నొక్కమనండి, తేడా సగానికి దిగుతుంది. నాలుగో వాల్వ్ స్లైడ్‌ని (జరిపే గొట్టాన్ని) అంగుళం బయటికి లాగి, మిగతాది పెదవితో సర్దుకోవాలి.

డి సంగతికొస్తే, అది ఐదో హార్మోనిక్, అంటే మీటలు నొక్కకుండా పెదవి బిగువుతోనే పలికే స్వరాల వరసలో ఐదోది. సహజంగానే 14 సెంట్లు తక్కువ పలుకుతుంది. 1, 2 మీటలతో అదే డి వాయించి చూడమనండి, కాస్త ఎక్కి వస్తుంది.

టకటకకి భయం లేదు. కీళ్లలో నూనె వేయండి. రోటర్ (వాల్వ్ లోపల తిరిగే భాగం) తిరిగి ఆగేచోట ఉండే చిన్న రబ్బరు ముక్కలు అరిగాయేమో చూడండి. వెనక మూత విప్పితే గీతలు కనిపిస్తాయి. మీట వదిలినా, నొక్కినా అవి ఒకదానికొకటి ఎదురుగా నిలవాలి. లేకపోతే రబ్బర్లు మార్పించండి.

వెనక్కి పంపాలా వద్దా అన్నది మాత్రం ఇలా తేల్చుకోండి. పావుగంట వాయించి, వాద్యం వేడెక్కాక, మీటలు నొక్కకుండా కింది బి ఫ్లాట్, పై బి ఫ్లాట్ ట్యూనర్‌లో చూడండి. రెండింటి మధ్య 30 సెంట్ల తేడా వస్తే గొట్టం తీరులోనే లోపం. మొహమాటం లేకుండా పంపేయండి.

రోటర్లు విప్పొద్దని బాబుకి గట్టిగా చెప్పండి. ఓసారి పరేడ్ ముందురోజు రాత్రి నేనే విప్పి, రెండోదాన్ని మూడో గూట్లో దూర్చాను. అది బిగుసుకుపోయింది. మర్నాడు మిగిలిన మీటలతోనే నెట్టుకొచ్చాను. బ్యాండ్ మాస్టర్‌గారు నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.