కామ్రీ హైబ్రిడ్ ముందు చక్రం దగ్గర టకటక శబ్దం: సమాధానం

2013 కామ్రీ హైబ్రిడ్ చిన్న గతుకుల మీద ముందు ఎడమ వైపు టకటకమంటోంది, స్ట్రట్‌లు (స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే భాగాలు) రెండూ మార్చాలన్నారు అని రాశారు కదా, ఆగండి బ్రదర్. రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కే స్పీడ్ బ్రేకర్ మీద చప్పుడు లేకుండా, ఒక చక్రం గుంతలో పడ్డప్పుడే వస్తుంటే ముందు అనుమానించాల్సింది స్టెబిలైజర్ లింక్‌ని, అంటే మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే స్టెబిలైజర్ బార్‌ని స్ట్రట్‌కి కలిపే చిన్న రాడ్‌ని. స్ట్రట్ నుంచి ఆయిల్ కారకపోతే ముందే దాని జోలికి పోకండి.

లింక్ ఇంటి దగ్గరే మార్చుకోవచ్చు, కానీ వాలు వీధిలో వద్దు, అవి మన వైజాగ్‌లో బోలెడు. కారు ఆఫ్ చేసి తాళం దూరంగా పెట్టండి, ఇంజిన్ శబ్దం లేకపోయినా డ్యాష్‌బోర్డ్ మీద రెడీ (READY) లైట్ వెలుగుతుంటే హైబ్రిడ్ కదిలిపోగలదు. ముందు చక్రాలు రెండూ లేపి జాక్ స్టాండ్ల మీద ఉంచాలి, ఒకటే లేపితే బార్ మెలి తిరిగి లింక్ ఊడిరాదు. ఉప్పుగాలికి నట్లు తుప్పు పట్టే ఉంటాయి, ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, విప్పేటప్పుడు స్టడ్ (నట్టు బిగించే మర ఉన్న కాడ) తిరగకుండా ఎల్లెన్ కీతో పట్టుకోండి. కొత్తవి రెండు వైపులా వేయండి.

ఇదయ్యాక కూడా చప్పుడు వస్తే చక్రాన్ని కింద నుంచి పట్టుకునే లోయర్ ఆర్మ్‌లోని రబ్బరు బుష్‌లు, దాని చివరి బాల్ జాయింట్ చూడాలి. స్ట్రట్ స్ప్రింగ్ మాత్రం ఇంట్లో విప్పకండి, ప్రాణం మీదకి వస్తుంది.