పాటా పుస్తకమూ: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా హాస్టల్లో రోజూ ఇదే గొడవ. నాకు సిరివెన్నెల అంటే ప్రాణం, నా రూమ్మేట్‌కి వేటూరి అంటే ప్రాణం. ఎవరు గొప్పో మీరే తేల్చండి.
– డిగ్రీ విద్యార్థిని, తణుకు

జవాబు: తేల్చమంటే తేల్చేస్తాను, నేను వేటూరి పార్టీ. అయితే మీ రూమ్మేట్ గెలిచిందని కాదు. ఇద్దర్లో ఎవరు గొప్ప అని అడిగితే అరుపులే మిగులుతాయి, ఏ పాటలో ఏ మాట దగ్గర పడిపోయావు అని అడిగితే ఇద్దరికీ రాత్రంతా కబుర్లు దొరుకుతాయి.

మీ తరఫున వాదించాలంటే నేనైతే 'ఆది భిక్షువు' పాట తీస్తాను. 1986లో వచ్చిన 'సిరివెన్నెల' సినిమాలోది. అప్పటిదాకా ఆయన చెంబోలు సీతారామశాస్త్రి, టెలిఫోన్ శాఖలో ఉద్యోగి, 'భరణి' పేరుతో కవిత్వం రాసుకునేవారు. ఈ సినిమా తర్వాత దాని పేరే ఆయన ఇంటిపేరైపోయింది. ఆ పాటలో శివుణ్ణి పొగడడం లేదు, నిలదీస్తున్నాడు. తీయగా పాడే కోయిలకి నల్లరంగు పూసి, ఉరిమే మేఘానికి మెరుపుల సింగారం చేసినవాణ్ణి ఏం అడగాలి అంటాడు. పూలకి మూణ్ణాళ్ళ ఆయుష్షూ బండరాళ్ళకి చిరాయువూ ఇచ్చినవాణ్ణి ఏం కోరుకోవాలి అంటాడు. వినడానికి తిట్టు, లోపలంతా భక్తే, మనవాళ్ళు నిందాస్తుతి అనేది దీన్నే. కథలో హీరో చూపులేని వేణువు కళాకారుడన్నది గుర్తుపెట్టుకుని మళ్ళీ వినండి, ఆ ప్రశ్నలు ఇంకో రకంగా తగుల్తాయి.

ఇక మా వేటూరి సంగతి. 1977లో 'అడవి రాముడు', 1980లో 'శంకరాభరణం'. రెండింటికీ సంగీతం కె.వి.మహదేవన్, పాటలు వేటూరి, గొంతు బాలసుబ్రహ్మణ్యం. 'ఆరేసుకోబోయి పారేసుకున్నాను' అని ఈల వేయించిన కలమే మూడేళ్ళు తిరక్కుండా శంకరశాస్త్రి కోసం 'శంకరా నాదశరీరాపరా' రాసింది. మొదటిదాన్ని చులకన చేసి రెండోదాన్ని నెత్తిన పెట్టుకునేవాళ్ళంటే నాకు చిరాకు. మాటని నాలుక మీద దొర్లించడంలో ఆ మనిషికి ఉన్న సరదా రెండింట్లోనూ ఒకటే కదా. మహదేవన్ గారు ముందు సాహిత్యం రాయించుకుని తర్వాత బాణీ కట్టే అలవాటున్నవారు. ఆయన తమిళులు కాబట్టి సహాయకుడు పుహళేంది పక్కనుండి మాటల అర్థం, విరుపు చూసుకునేవారని పాతవాళ్ళు చెప్పుకుంటారు. అందుకే ఆయన పాటల్లో మాట ఎక్కడా నలగదు.

సిరివెన్నెల మనతో వాదిస్తారు, వేటూరి మనల్ని మాయ చేస్తారు. నాకు మాయే ఇష్టం, అంతకుమించి నా దగ్గర కారణం లేదు.

ప్రశ్న: ఫోన్‌లో రెండు వేల పాటలున్నాయి, ఒక్కటీ పూర్తిగా వినను, అరనిమిషంలో తర్వాతిది నొక్కేస్తాను. మొదటి నుంచి చివరిదాకా కూర్చుని వినదగ్గ ఆల్బమ్ ఏదైనా చెప్పండి.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: 'గీతాంజలి'. 1989, మణిరత్నం, ఇళయరాజా, పాటలన్నీ వేటూరి (మళ్ళీ వేటూరేనా అంటారా, అవును, మళ్ళీ వేటూరే). పైన చెప్పిన మహదేవన్ గారి పద్ధతి ఇక్కడ తిరగబడుతుంది. ఇళయరాజా దగ్గర మామూలుగా బాణీ ముందు పుడుతుంది, మాట దాంట్లో ఇమడాలి. చావు దగ్గరకొచ్చిన కుర్రాడూ, తనూ అదే బాటలో ఉన్న అమ్మాయీ, ఊటీ మంచు, ఇదీ కథ. ఏడుపు పాటలు గుమ్మరించడానికి ఇంతకన్నా మంచి అవకాశం ఉండదు. కానీ చూడండి, 'జల్లంత కవ్వింత'లో చిత్ర గొంతు వానలో గెంతుతుంది, 'జగడ జగడ'లో కుర్రాడు మృత్యువుతో పేచీ పెట్టుకుంటాడు, 'ఆమనీ పాడవే'లో వసంతాన్ని మూగబోవద్దని బతిమాలతాడు. 'ఓం నమః'లో వెనకాల గుండె చప్పుడులా కొట్టుకునే దరువుంది, దానికోసం హెడ్‌ఫోన్ పెట్టుకోండి, ఫోన్ స్పీకర్‌లో అది సగం చచ్చిపోతుంది.

వరస మార్చకండి, షఫుల్ నొక్కకండి. క్యాసెట్ రోజుల్లో మాకు ఓపిక ఎక్కువేమీ కాదు, ముందుకు తిప్పితే పాట మొదలు ఎక్కడుందో దొరికేది కాదు, అందుకని నచ్చని పాట కూడా వినేవాళ్ళం, నాలుగోసారికి అదే నచ్చేది. మీకూ ఆ నాలుగోసారి రావాలంటే ఫోన్ పక్కగదిలో పెట్టి వినడమే మార్గం.

ప్రశ్న: డబ్బింగ్ పాటలు రాసేవాళ్ళని కవులుగా లెక్కవేయొచ్చా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: లెక్కవేయకపోతే రాజశ్రీ గారికి అన్యాయం చేసినట్టే. 1992 నాటి 'రోజా' తమిళ పాటలకి వైరముత్తుకీ రెహమాన్‌కీ జాతీయ అవార్డులొచ్చాయి. తెలుగులో 'నా చెలి రోజావే' పాడుకోని ఇల్లు లేదు గానీ అది రాసింది రాజశ్రీ అని ఎంతమందికి తెలుసు? డబ్బింగ్ పాటకి బాణీ ముందే ఉంటుంది, సన్నివేశం తీసేసి ఉంటుంది, పైగా తెర మీద నటి పెదవులు కలిసిన చోట ప, బ, మ లాంటి అక్షరమే పడాలి. ఇన్నిట్లో ఇరుక్కుని అర్థం చెడకుండా రాయాలి. 'చిన్ని చిన్ని ఆశ' లాంటిచోట రెండు భాషల మాటలూ దగ్గరదగ్గరగా ఉండి కలిసొచ్చింది, ప్రతిచోటా అలా కలిసిరాదు.

ప్రశ్న: నాకు యద్దనపూడి నవలలంటే పిచ్చి. యాభై దాటాక కూడా అవే చదువుతున్నానని మా అబ్బాయి నవ్వుతాడు.
– గృహిణి, ఒంగోలు

జవాబు: నవ్వనివ్వండి అమ్మా. ఒకసారి 'సెక్రటరీ' వాడి చేతిలో పెట్టి యాభై పేజీలు చదవమనండి. కారు, మేడ, ఆరడుగుల రాజశేఖరం అని వెక్కిరిస్తారు గానీ జయంతి ఆత్మాభిమానం గురించి ఎవరూ మాట్లాడరు. ఉద్యోగం చేసుకునే అమ్మాయి, తలవంచదు, మాటకి మాట చెబుతుంది. అప్పట్లో చదివిన ఆడవాళ్ళకి రాజశేఖరం ఎంత కలో, ఆ అమ్మాయి తెగువ అంత కల. 'మీనా' 1973లో, 'సెక్రటరీ' 1976లో సినిమాలయ్యాయంటే ఊరికే కాలేదు. ఇష్టమైన పుస్తకానికి వయసేమిటి, మీ అబ్బాయి చిన్నప్పటి క్రికెట్ మ్యాచ్ హైలైట్స్ మళ్ళీ మళ్ళీ చూడడూ?

ప్రశ్న: అరువు తీసుకెళ్ళిన పుస్తకం తిరిగివ్వని స్నేహితుణ్ణి ఏం చేయాలి?
– ఒక బాధితుడు, కర్నూలు

జవాబు: వాడింట్లో భోజనానికి వెళ్ళి, వచ్చేటప్పుడు మీది తెచ్చుకోండి. వాడిదొకటి కూడా.

ప్రశ్న: రీల్స్ అలవాటై నవల పట్టుకుంటే పది పేజీలు దాటడం లేదు. టెన్షన్‌గా ఉంది. ఏది చదివితే మళ్ళీ దారిలో పడతాను?
– ఉపాధ్యాయుడు, వరంగల్

జవాబు: 'వేయిపడగలు' మాత్రం ఇప్పుడు ముట్టుకోకండి, వంద పేజీలకే మానేసి, ఆ నేరం విశ్వనాథ మీదకి తోస్తారు. కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'తో మొదలుపెట్టండి. చిన్న పుస్తకం. తప్పిపోయిన తన ఆడపందిని వెతుక్కుంటూ ఒక ముసలాయన అడవిలోకి వెళతాడు, అది ఈని ఉంది, పిల్లల జోలికి ఎవర్నీ రానివ్వదు, చివరికి యజమానినీ. చుట్టూ చీకటి, నక్కలు. ముసలాయనకి పేరు కూడా లేదు. చిత్తూరు జిల్లాలో పుట్టి, నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకి వైద్యం చేసిన డాక్టరు రాసిన నవల ఇది, ఎక్కడా అనవసరమైన జాలి ఉండదు. అడవి ఎలా ఉంటుందో, ఆ ముసలివాడి చేతికి ఏం తగులుతుందో, ముక్కుకి ఏం వాసన వస్తుందో అంతే.

అది అయ్యాక రావిశాస్త్రి 'అల్పజీవి'. సుబ్బయ్య అనే భయస్తుడైన గుమాస్తా, అతని బుర్రలో ఆగకుండా తిరిగే ఆలోచనలు. కొన్నిచోట్ల మన బుర్రలోవే రాసేశాడేమో అనిపించి ఇబ్బంది పెడుతుంది. రెండూ పూర్తిచేశాక ఉత్తరం రాయండి, 'వేయిపడగలు' సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.