పంచ్‌లు ఎక్కువ, పాయింట్లు తక్కువ

ప్రశ్న: ఒలింపిక్ బాక్సింగ్‌లో ఎక్కువ పంచ్‌లు కొట్టినవారూ ఓడిపోతున్నారు. ఎందుకని?

జవాబు: లెక్క రౌండు వారీగా ఉంటుంది కాబట్టి. రౌండు గెలిస్తే 10, ఓడితే మామూలుగా 9, బాగా తేలిపోతే 8. మొదటి రెండు రౌండ్లు స్వల్ప తేడాతో నెగ్గినవారు, మూడో రౌండులో 9-10తో ఓడినా ఒక జడ్జి కార్డు మీద 29-28తో విజేతే. ఐదుగురు జడ్జీల్లో ముగ్గురు అలా వేస్తే చాలు. ప్రత్యర్థి గ్లవ్స్‌కో చేతులకో తగిలిన పంచ్‌లైతే అసలు లెక్కలోకే రావు.

1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్లో అమెరికా బాక్సర్ రాయ్ జోన్స్ జూనియర్‌ను 3-2తో ఓడించిన తీర్పు పెద్ద దుమారం రేపింది. అలాంటివి జరగకూడదని 1992లో జడ్జీలకు మీటలు పెట్టారు: పంచ్ తగిలిందని ముగ్గురు జడ్జీలు ఒకే సెకనులో నొక్కితేనే పాయింటు. మందు రోగాన్ని మించింది! వేగంగా వరసన పడే పంచ్‌లు, పొట్టమీది దెబ్బలు లెక్కలోంచి జారిపోయేవి. చివరికి ఆ మీటలు తీసేసి, ఇప్పటి రౌండు లెక్క తెచ్చారు.