పాఠకుల ప్రశ్నలు – జవాబులు: పొయ్యి ముందు 27 ఏళ్లు, ఆ తరువాతే తెర

ప్రశ్న: అమెరికా టెలివిజన్‌లో ఇటాలియన్ వంటలు నేర్పే లిడియా బాస్టియానిచ్‌కు అంత పేరు రావడానికి కారణం వంటలో నేర్పా, తెర మీద మాట్లాడే తీరా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమెరికా ప్రజా టెలివిజన్ అయిన పీబీఎస్‌లో ఆమె సొంత కార్యక్రమం మొదలైంది 1998లో. అప్పటికి ఆమె వయసు 51 ఏళ్లు. తొలి రెస్టారెంట్ తెరిచి 27 ఏళ్లు గడిచాయి. మీ ప్రశ్నకు సగం జవాబు ఈ లెక్కలోనే ఉంది.

ఆమె 1947లో ఏడ్రియాటిక్ సముద్రతీరపు ఇస్ట్రియా ద్వీపకల్పంలోని పోలా పట్టణంలో పుట్టారు. ఇటలీకి చెందిన ఆ ఊరు అదే ఏడాది రెండో ప్రపంచయుద్ధానంతర శాంతి ఒప్పందం ప్రకారం యుగోస్లావియాకు దక్కింది. నేడు పూలా అన్న పేరుతో క్రొయేషియాలో ఉంది. కోళ్లను, మేకలను పెంచుతూ, తోటలో పండినదే వండి పెట్టే అమ్మమ్మ దగ్గర గడిచిన ఆ బాల్యం 1956లో తెగిపోయింది. కుటుంబమంతా ఇటలీలోని త్రియెస్తె నగరానికి తరలిపోయి, ఒకప్పుడు బియ్యం మిల్లుగా, యుద్ధకాలంలో నాజీల నిర్బంధ శిబిరంగా ఉన్న కట్టడంలో రెండేళ్లు శరణార్థులుగా తలదాచుకుని, 1958లో అమెరికా చేరింది. తరువాత ఆమె ఏళ్ల తరబడి వండి చూపినది చాలావరకు ఆ వదిలివచ్చిన వంటింటి రుచులనే.

1971లో భర్త ఫెలీచెతో కలిసి న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో బువొనావియా అనే చిన్న రెస్టారెంట్ తెరిచినప్పుడు ఆమె ప్రధాన షెఫ్ కాదు. వేరొకరిని ఆ పనిలో పెట్టుకుని, తాను ఆయన కింద సహాయకురాలిగా ఉంటూ పని నేర్చుకున్నారు. తన రెస్టారెంట్‌లో తానే శిష్యురాలిగా నిలబడటం నాకు ఆమె జీవితంలో అన్నిటికన్నా నచ్చిన ఘట్టం. అమెరికన్లకు అలవాటైన ఇటాలియన్ వంటకాల నడుమ పొలెంటా (మొక్కజొన్న పిండితో చేసే జావ లాంటి వంటకం), రిసొట్టో (బియ్యాన్ని చిక్కగా ఉడికించే వంటకం) వంటి తన ప్రాంతపు వంటలను ఒక్కొక్కటిగా చేర్చుతూ వచ్చి, 1981లో మాన్‌హటన్‌లో ఫెలీదియా అనే రెస్టారెంట్ తెరిచారు. అక్కడి రిసొట్టో రుచి అమెరికా టెలివిజన్‌లో పేరొందిన వంటల రచయిత్రి జూలియా చైల్డ్‌ను ఆకట్టుకుంది. 1993లో ఆమె తన టెలివిజన్ ధారావాహికలోకి లిడియాను ఆహ్వానించడంతో తెరకు దారి తెరుచుకుంది.

ఆ రిసొట్టోను ఎలా చేయాలో చూస్తే ఆమె బోధనలోని బలం అర్థమవుతుంది. పొట్టిగా, లావుగా ఉండే బియ్యాన్ని కడగకుండానే నూనెలోనో వెన్నలోనో అంచులు అద్దంలా మెరిసేదాకా వేయించి, కాస్త వైన్ పోసి ఇంకిపోనిచ్చి, ఆపైన వేడిగా ఉన్న స్టాక్‌ను (మాంసం, ఎముకలు లేదా కూరగాయలు ఉడికించి వడకట్టిన నీటిని) గరిటె చొప్పున పోస్తూ, అది ఇంకాకే మరో గరిటె పోయాలి. కలుపుతుంటే గింజ మీది పిండిపదార్థం రాపిడికి విడివడి ద్రవాన్ని చిక్కబరుస్తుంది. గింజ లోపల మాత్రం పలుకు మిగలాలి. చల్లని స్టాక్ పోస్తే ఉడుకు ఆగిపోతుంది. ఇలా ప్రతి పనికీ కారణం చెప్పగలగడం పొయ్యి దగ్గర ఏళ్లు గడిపినవారికే సాధ్యం. మాటతీరు ఆమెకు తోడ్పడింది, సందేహం లేదు. కానీ ఆ మాటకు విలువ వచ్చింది చేతి పని వల్లనే. 2002లో అమెరికాలో వంటవారికి పురస్కారాలిచ్చే జేమ్స్ బియర్డ్ సంస్థ ఆమెను దేశంలోనే ఉత్తమ షెఫ్‌గా సత్కరించగా, వ్యాఖ్యాతగా అమెరికా టెలివిజన్ రంగపు ఎమ్మీ పురస్కారం 2013లో లభించింది.

ప్రశ్న: కార్యక్రమం ముగింపులో ఆమె ఇటాలియన్‌లో పలికే మాటకు అర్థమేమిటి?
– మరొక పాఠకుడు

జవాబు: ‘తూత్తి ఆ తావొలా ఆ మన్‌జారే’ అంటే ‘అందరూ భోజనానికి రండి’ అని. అది ఉత్త పిలుపు కాదు. ఆమె తల్లి ఎర్మీనియా ఎన్నో భాగాలలో నిజంగానే వచ్చి కూతురి పక్కన కూర్చుని తినేవారు, పాడేవారు. ప్రేక్షకులంతా ఆమెను అమ్మమ్మగానే ఎరుగుదురు. నూరేళ్లు నిండిన ఆ తల్లి 2021లో కన్నుమూశారు. ఫెలీదియా తలుపులు మూతపడిందీ ఆ ఏడాదే.