కోడిగుడ్డులో పనిచేసిన కషాయం అమ్మకు పనిచేస్తుందా?

ప్రశ్న: మా అమ్మకు 61 ఏళ్లు. పెద్దపేగు క్యాన్సర్ కాలేయానికి పాకింది. కీమోతో పాటు, గడ్డను పోషించే కొత్త రక్తనాళాలు పెరగకుండా ఆపే బెవాసిజుమాబ్ ఇంజెక్షన్ ఎక్కిస్తామన్నారు. ఈలోగా ఒక మూలికా కషాయం కొత్త రక్తనాళాలను ఆపుతుందని ల్యాబ్‌లో తేలిందంటూ బంధువులు వాట్సాప్‌లో పంపారు. ఇంజెక్షన్ బదులు అది వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వద్దమ్మా. అలాగని ఆ పరీక్ష అబద్ధమనీ అనను. పొదుగుతున్న కోడిగుడ్డు పెంకును చిన్న కిటికీలా కోసి, లోపలి పల్చటి పొర మీద మందు పెడతారు. ఆ పొర నిండా రక్తనాళాలే. మందు పనిచేస్తే రెండు మూడు రోజుల్లో అక్కడ నాళాలు పల్చబడతాయి. కాన్పు తర్వాత పారేసే బొడ్డుతాడులోని సిర నుంచి తీసిన కణాలతోనూ పరీక్షిస్తారు. జెల్ మీద వేస్తే అవి గంటల్లో గొట్టాల్లా అల్లుకుంటాయి. మందు ఆ అల్లికను ఆపుతుందా అని చూస్తారు.

చిక్కల్లా ఇక్కడే. గుడ్డులో మందు నేరుగా నాళాల మీదే పడుతుంది. మీ అమ్మగారు తాగిన కషాయం పేగు దాటాలి, కాలేయం దాటాలి, ఆ తర్వాతే గడ్డను చేరాలి. పసుపులోని కర్కుమిన్ ల్యాబ్‌లో నాళాలను ఆపుతుంది, కానీ నోటితో తీసుకుంటే రక్తంలో చేరేది చాలా తక్కువ. పైగా కణాలను చంపే విషం ఏది పోసినా నాళాలు ఆగిపోతాయి. కాబట్టి 'ఆపింది' అన్న ఒక్క మాట చాలదు.

ఎలుకల ఫలితం కూడా చాలదు. నాళాలను ఆపే ఎండోస్టాటిన్ అనే ప్రొటీన్ 1997లో ఎలుకల్లో గడ్డల్ని కరిగించింది, మనుషుల్లో ఆ ఫలితం రాలేదు. బెవాసిజుమాబ్ సంగతి ఇంకో రకం: అది కొత్త నాళాలు పెరగమని సంకేతమిచ్చే మనిషి వీఈజీఎఫ్ ప్రొటీన్‌ను పట్టుకుంటుంది, ఎలుకదాన్ని దాదాపు పట్టుకోదు. అందుకే మనిషి కణాలతో చేసే నమూనాలు అంత అవసరం.

ఈ ఇంజెక్షన్‌ను 813 మంది పెద్దపేగు క్యాన్సర్ రోగుల్లో పరీక్షించారు. కీమోకు ఇది తోడైనవారిలో మధ్యస్థ జీవితకాలం (సగం మంది అంతకన్నా ఎక్కువ బతికిన కాలం) 15.6 నెలల నుంచి 20.3కు పెరిగింది. 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది. చిన్న అంకె అనిపిస్తుందని తెలుసు. కానీ అది మీ అమ్మగారి లాంటి మనుషుల్లో వచ్చిన అంకె.

మందు మొదలయ్యాక బీపీ, మూత్రంలో ప్రొటీన్ చూపిస్తూ ఉండండి. ఆపరేషన్‌కు ముందూ తర్వాతా కనీసం 28 రోజుల ఎడం ఉండాలి, ఎందుకంటే గాయం మానడానికీ కొత్త నాళాలు కావాలి. పన్ను పీకించాలన్నా ముందే చెప్పండి. తీవ్రమైన కడుపునొప్పి, రక్తపు వాంతి, నల్లటి విరేచనం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. కషాయం ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే ఆపి, ఆ సీసా తీసుకెళ్లి క్యాన్సర్ డాక్టరుకు చూపించండి.