ఆషాఢంలో మగ్గం ఖాళీగా ఉంటే ఉద్యోగానికి వెళ్లిపోవాలా?

ప్రశ్న: మాది తణుకు. బీకాం అయ్యాక మగ్గం వర్క్ నేర్చుకుని ఏడాదిన్నరగా ఇంట్లోనే బ్లౌజులు చేస్తున్నాను. కుట్టుపని అమ్మ చూసుకుంటుంది, డబ్బులు తీసుకోదు. మాఘం, ఫాల్గుణంలో నిద్ర కూడా లేకుండా పనిచేశాను. ఆషాఢం వచ్చాక వారానికి ఒక్క ఆర్డర్ కూడా రావడం లేదు. పొద్దున్నే మగ్గం ముందు కూర్చోబుద్ధి కావడం లేదు, ఫోన్ చూస్తూ గడిపేస్తున్నాను. మామూలుగా ఒక బ్లౌజుకు 2,500 తీసుకుంటాను. పూసలు, జరీ, కుందన్లకు 500, లైనింగ్, కాన్వాస్, హుక్కులకు 120, సూదులు, కరెంటుకు ఓ 50 అవుతుంది. వర్కుకు 18 గంటలు పడుతుంది. ఏడాదిలో సుమారు 90 చేశాను, అందులో 30 చుట్టాలవి, వాళ్లకు 500 తగ్గించాను. అయినా చేతిలో డబ్బు కనిపించడం లేదు. ఒక బట్టల షాపులో నెలకు 12,000 ఇస్తామంటున్నారు. వెళ్లిపొమ్మంటారా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బద్ధకం పెరిగిపోయిందని మిమ్మల్ని మీరే తిట్టుకుంటున్నట్టున్నారు. నాకైతే అందులో బద్ధకం కనిపించలేదు. పెళ్లిళ్ల సీజన్ అంతా అర్ధరాత్రి దాకా సూది పట్టుకున్న అమ్మాయిని బద్ధకస్తురాలు అనడానికి నాకు నోరు రాదు. మీ డబ్బు ముహూర్తాలకు వస్తోంది, ఖర్చు మాత్రం నెలనెలా వస్తోంది. ఈ రెంటికీ మధ్య ఒక లెక్క లేదు. చేతిలో డబ్బు లేనప్పుడు చేసే పని మీద కూడా నమ్మకం పోతుంది. నమ్మకం పోయాక చెయ్యి ఫోన్ మీదికే వెళుతుంది.

అందుకే ముందు లెక్క చూద్దాం. ఉత్సాహం సంగతి తర్వాత.

2,500 బ్లౌజులో సామాన్లకు 670 పోతే 1,830 మిగులుతోందని మీరు అనుకుంటున్నారు. అమ్మ కుట్టే బ్లౌజును బయట దర్జీకి ఇస్తే ఎంత అడుగుతాడు? లైనింగ్ బ్లౌజుకు 350 అనుకుందాం. అది అమ్మ కష్టం, మీ లాభం కాదు. ఇక మిగిలేది 1,480. పని 18 గంటలు అన్నారు. కస్టమర్‌తో డిజైన్ మాట్లాడటం, చీరకు మ్యాచింగ్ పూసల కోసం తిరగడం, ట్రేసింగ్, చివర్లో వచ్చే ఆల్టరేషన్లు ఇందులో లేవు. వాటికి నాలుగు గంటలు కలపండి. 22 గంటలకు 1,480 అంటే గంటకు 67 రూపాయలు. చుట్టాల బ్లౌజు దగ్గర అదే గంట 45 రూపాయలకు దిగిపోతుంది. వాళ్లకిచ్చిన డిస్కౌంట్లు తీసేస్తే ఏడాదికి మీకు మిగిలింది దాదాపు 1,18,000. నెలకు పదివేలకు కాస్త తక్కువ.

ఇప్పుడు షాపు ఉద్యోగం చూడండి. నెలకు 26 రోజులు, రోజుకు తొమ్మిది గంటలు నిలబడితే 12,000. రానుపోను ఛార్జీలు, మధ్యాహ్నం టిఫిన్, నాలుగు మంచి డ్రెస్సులు అన్నీ పోతే చేతికి పదివేలు. గంటకు 43. అంటే ఆ ఉద్యోగం వల్ల ఇప్పటికంటే మీకు పెద్దగా కలిసొచ్చేది ఏమీ లేదు. గంటలు మాత్రం చాలా ఎక్కువ పెట్టాలి. అలాగని మీ పని బ్రహ్మాండంగా నడుస్తోందనీ నేను చెప్పను. ధర తక్కువగా ఉంది, డబ్బు ఎక్కడో ఇరుక్కుంటోంది.

ఎక్కడో చెబుతాను. మీ సామాన్ల డబ్బా ఒకసారి నేల మీద బోర్లించండి. సగం వాడిన జరీ రీళ్లు ఉంటాయి. ఎవరో ఒకావిడ చీర కోసం కొన్న నెమలికంఠం రంగు పూసలు, ఆ తర్వాత ఆ రంగు ఇంకెవరూ అడగకపోతే, అలాగే ఉండిపోయి ఉంటాయి. హోల్‌సేల్‌లో చవకని విజయవాడ వన్‌టౌన్ దాకా వెళ్లి, పది గ్రాములు కావలసిన చోట వంద గ్రాములు తెచ్చిన ప్యాకెట్లు ఉంటాయి. ప్రతి ప్యాకెట్ మీద కొన్న ధర రాసి కూడండి. కనిపించని మీ డబ్బులో కొంత అక్కడే తేలుతుంది. ఇకమీదట బంగారు రంగు, యాంటిక్, ముత్యాల రంగు లాంటివి మాత్రమే నిల్వ పెట్టండి. మిగతా రంగులు అడ్వాన్స్ చేతికొచ్చాకే, ఆ ఒక్క బ్లౌజుకు సరిపడా తెచ్చుకోండి. ఆషాఢం సేల్ బోర్డులు చూసి లైనింగ్ బట్టలు గుట్టగా కొనేయకండి.

అడ్వాన్స్ సగం తీసుకోవాల్సిందే. అడగడానికి మొహమాటంగా ఉంటుందని తెలుసు. ఆర్డర్ పుస్తకంలో కొలతలు, డిజైన్, డెలివరీ తేదీ రాసి, ఆ పేజీ ఫొటో కస్టమర్‌కు వాట్సాప్‌లో పంపండి. అడ్వాన్స్ అంకె కూడా ఆ పేజీలోనే ఉంటే నోటితో అడగాల్సిన ఇబ్బంది సగం తగ్గుతుంది. డెలివరీ తేదీ పెళ్లికి కనీసం నాలుగు రోజుల ముందు వేయండి. మూడు రోజుల్లో కావాలనే వాళ్లకు ధర వేరే. ఆ మాట ముందే చెప్పండి.

చుట్టాల విషయంలో నాది కాస్త గట్టి అభిప్రాయం. పిన్నికీ, మేనత్తకూ తగ్గించాలనిపిస్తే సామాన్ల ఖర్చు పోను మిగిలేదాంట్లోంచి తగ్గించండి గానీ, ఏడాదికి ఇన్ని అని ఒక హద్దు పెట్టుకోండి. ఐదో ఆరో చాలు. 30 బ్లౌజులకు 500 చొప్పున వదిలేసింది 15,000. అది మీ నెలన్నర సంపాదన. మామూలు ధర కూడా 300 పెంచండి. కంప్యూటర్ వర్క్ చవకగా దొరుకుతోంది కదా అని ఎవరైనా అంటే వాదించకండి. చేత్తో చేసిన కుందన్ పని కావాలనుకునే వాళ్లే మీ కస్టమర్లు.

ఇక నెలల సంగతి. మీ పనికి ఏడాది ఉగాదితో మొదలవుతుంది. పంచాంగం కొన్న రోజే పెన్ను పట్టుకుని ముహూర్తాలు లేని నెలలకు గీత పెట్టండి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం ఏటా ఉండేవే. గురు, శుక్ర మూఢాలు ఒక్కో ఏడాది ఒక్కోచోట వస్తాయి, మంచి సీజన్ మధ్యలో పడితే ఆర్డర్లు ఆగిపోతాయి. అధికమాసం వచ్చిన ఏడాది ఇంకో నెల పోతుంది. ఇవన్నీ ముందే తెలిసే సెలవులు. ముందే తెలిసిన దానికి ఇంత టెన్షన్ పడటం ఎందుకమ్మా?

పని డబ్బుకు వేరే బ్యాంకు ఖాతా తెరవండి. కస్టమర్లు పంపే ఫోన్‌పే, గూగుల్‌పే అన్నీ దాంట్లోకే రావాలి. ప్రతి ఒకటో తారీఖున అందులోంచి మీకు మీరే 8,000 జీతం వేసుకోండి, అమ్మకు ఆమె కుట్టినదానికి వేరుగా ఇవ్వండి. మాఘంలో 25,000 మిగిలినా అదే ఎనిమిది వేలు, ఆషాఢంలో ఏమీ రాకపోయినా అదే ఎనిమిది వేలు. ఈ ఒక్క అలవాటు కుదిరితే ఖాళీ నెలలో గుండెల మీద బరువు ఎంత తగ్గుతుందో మీకే తెలుస్తుంది. ఈసారి ఖాతాలో నిల్వ లేదు కాబట్టి ఈ ఆషాఢం కష్టంగానే గడుస్తుంది. చీరలకు కుచ్చులు, ఫాల్స్, పీకో లాంటి చిన్న పనులు తీసుకోండి. నలుగురు పిల్లలకు నెల రోజుల మగ్గం క్లాసు చెప్పగలిగితే ఇంకా మంచిది.

అప్పు చేయాలనుకుంటే తొందరపడకండి. అమ్మ కుట్టుపని చేస్తారు కాబట్టి పీఎం విశ్వకర్మ పథకం ఆమెకు వర్తిస్తుందేమో కామన్ సర్వీస్ సెంటర్ (సీఎస్‌సీ)లోనో, సచివాలయంలోనో అడగండి. అందులోని 18 చేతివృత్తుల్లో దర్జీ పని ఉంది, మగ్గం వర్క్ పేరు విడిగా లేదు. టూల్‌కిట్‌కు 15,000, మొదటి విడతగా 5 శాతం వడ్డీకి లక్ష వరకు రుణం ఇస్తారు. ఇంట్లో ఒక్కరికే ఇస్తారు. ప్రభుత్వ ఉద్యోగి ఉన్న ఇంటికి రాదు. చిన్న వ్యాపారాలు కేంద్రం దగ్గర పేరు నమోదు చేసుకునే ఉద్యం రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం, ఎవరైనా ఫీజు అడిగితే ఇవ్వకండి. జీఎస్టీ గురించి మీ స్థాయిలో ఆలోచించాల్సిన పని లేదు.

కూర్చోబుద్ధి కావడం లేదన్న మాటకు వస్తాను. ఇంట్లో పనిచేసే ఆడపిల్లకు పెద్ద చిక్కు ఏమిటంటే, ఆమె పనిలో ఉన్నట్టు ఎవరికీ అనిపించదు. సిలిండర్ వస్తే తలుపు ఆమే తీయాలి, పక్కింటివాళ్లు పిల్లాడిని కాసేపు చూడమంటే ఆమే చూడాలి. ఇంట్లోనే ఉన్నావుగా అంటారు. పొద్దున తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంట వరకు మీరు లేనట్టే అనుకోమని ఇంట్లో చెప్పండి. జరీ పనికి పగటి వెలుతురు కంటే మంచి లైటు లేదు కాబట్టి, మగ్గాన్ని కిటికీ పక్కకు జరపండి. ఫోన్ వేరే గదిలో పెట్టండి. ముప్పావుగంటకోసారి లేచి మెడ, వేళ్లు కదిలించి, కళ్లు దూరంగా ఉన్న చెట్టు మీద నిలపండి. ఇరవై మూడేళ్లకే నడుం నొప్పి తెచ్చుకున్న మగ్గం అమ్మాయిలను చూశాను. ఆ తర్వాత ఎంత డిజైన్ వచ్చినా ఏం లాభం?

ఆర్డర్ లేని రోజు కూడా ఆ మూడున్నర గంటలు కూర్చోండి. అరగజం రాసిల్క్ ముక్క బిగించి శాంపిల్ చేయండి. చేతి అంచుకు ఒక డిజైన్, వీపుకు ఒకటి. ప్రతి శాంపిల్ వెనక ఎన్ని గంటలు పట్టిందో, ఎంత సామాను వాడారో, ధర ఎంతో చీటీ రాసి కుట్టేయండి. రేపు కస్టమర్ వేలు పెట్టి చూపించగానే ధర చెప్పొచ్చు, తడబాటు ఉండదు. ఒక్కరే కూర్చుంటే దిగులుగా ఉందనుకుంటే, మీ వీధిలోనే కుట్టుపని చేసే ఇంకొకరిని వారానికి రెండు పూటలు రమ్మనండి. ఎవరి పని వాళ్లదే, పక్కన మనిషి ఉంటే చాలు.

ఉద్యోగమే మంచిదయ్యే పరిస్థితి కూడా ఒకటుంది. ఇంట్లో నెలనెలా తప్పని ఈఎంఐ ఉండి, అది మీ మీదే పడితే, ఖాళీ నెలల్లోనూ ఆ ఎనిమిది వేల జీతం వేసుకోగలిగేంత నిల్వ కూడే వరకు షాపుకు వెళ్లండి. ఆదివారాలు మగ్గం ఆపకండి. అలా వెళ్లినందుకు మీరు ఓడిపోయినట్టు కాదు. ఆ ఇబ్బంది లేకపోతే వచ్చే ఉగాది వరకు ఈ లెక్కలతో నడిపి చూడండి. అప్పటికీ గంటకు 67 దాటకపోతే నాకు మళ్లీ రాయండి, మీ ఆర్డర్ పుస్తకం పెట్టుకుని మాట్లాడదాం.

ఈ వారంలో మాత్రం ఒక పని చేయండి. పాత కస్టమర్లందరికీ శాంపిల్ ఫొటో ఒకటి జత చేసి, వరలక్ష్మీ వ్రతానికి, శ్రావణ శుక్రవారాలకు బ్లౌజులు కావాలంటే ఇప్పుడే ఇవ్వమని ఒక్కొక్కరికి పేరు పెట్టి మెసేజ్ పంపండి. శ్రావణం మొదలయ్యాక అడిగితే వాళ్లు అప్పటికే ఇంకెవరికో ఇచ్చేసి ఉంటారు.